మళ్లీ తిరుగుతున్న రీలు

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఒంటారియో సరస్సు ఒడ్డున రోచెస్టర్ అనే నగరం ఉంది. కోడక్ కంపెనీకి పుట్టిల్లు అదే. అక్కడి 38వ నంబరు భవనంలో ఫిల్మ్ మీద రసాయనాల పూత వేస్తారు. పూత వేసే గదుల్లో దీపం వెలగదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసే గదిలోలా ఎర్ర బల్బు పెట్టుకోవడానికీ వీల్లేదు. రంగుల ఫిల్మ్ ఏ రంగు వెలుతురునైనా పట్టేస్తుంది కాబట్టి. ఎక్కడ తలుపు, ఎక్కడ మలుపు, ఏ మీట ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని పనివాళ్లు కటిక చీకట్లో నడుస్తారు. జుట్టు మందం కూడా లేని చోట పదికి పైగా పొరలు పరుస్తారు. ఒక్కో పొర ఒక్కో రంగుకు, మధ్యలో ఒకదాని రసాయనం ఇంకోదానిలోకి చొరబడకుండా అడ్డుపొరలు.

2024 నవంబరులో ఈ ఫ్యాక్టరీని కొన్ని వారాలు ఆపారు. కోడక్‌లో ఫిల్మ్ తయారీ ఆగిందన్న కబురు పదేళ్ల కిందట వచ్చి ఉంటే ఇక అంతే సంగతులని జనం తీర్మానించుకునేవాళ్లు. ఈసారి ఆపిన కారణం వేరు. వచ్చే ఆర్డర్లకు సరిపడా ఫిల్మ్ తీయలేక, యంత్రాలను మెరుగుపరచుకోవడానికి ఆపారు.

ఫిల్మ్ తిరిగొచ్చిందని నాలుగైదేళ్లుగా వింటూనే ఉన్నాం. కుర్రకారు మోజు, పాత జ్ఞాపకాల మీద మమకారం అని పత్రికలు రాస్తున్నాయి. అవీ నిజమే. ఫోన్లో వెయ్యి ఫొటోలు తీసి ఒక్కటీ మళ్లీ చూడని తరానికి, 36 మాత్రమే ఉన్న రీలు ఎంత కొత్తగా ఉంటుందో నాకు అర్థమవుతుంది. అయితే మోజు ఒక్కటే ఫిల్మ్‌ను పుట్టించలేదు. దాన్ని తయారు చేయడం తెలిసిన మనుషులు కావాలి. ఈ రెండు మూడేళ్లలో వచ్చిన వార్తలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పని తెలిసిన చేతులు ఎక్కడ మిగిలాయో ఫిల్మ్ అక్కడే బతికిందని తేలుతోంది. చేతులు చెదిరిపోయిన చోట ఎన్ని కోట్లు పోసినా వెంటనే తిరిగి రాలేదు. మన ఊటీ కథ కూడా ఇందులోనే ఉంది.

వరసగా ఆరిన దీపాలు

2000 తర్వాతి పదేళ్లు ఫిల్మ్ కంపెనీలకు గడ్డుకాలం. 2004లో ఇంగ్లండ్‌లోని ఇల్ఫర్డ్ అప్పుల్లో మునిగి రిసీవర్ల చేతికి వెళ్లింది. 2005లో జర్మనీలో అగ్ఫా ఫొటో దివాలా తీసింది. 2006లో కోనికా మినోల్టా ఫొటో వ్యాపారం నుంచే తప్పుకుంది. మన బజార్లలో ఏ కలర్ ల్యాబ్ మీద చూసినా కోడక్ బోర్డో కోనికా బోర్డో కనబడిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పోలరాయిడ్ 2008లో ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఆపేసింది. 2012 జనవరిలో కోడక్ కూడా దివాలా కోర్టు మెట్లెక్కింది. వీళ్లందరినీ దెబ్బకొట్టిన డిజిటల్ కెమెరాల్లో మొట్టమొదటిదాన్ని 1975లో తయారు చేసింది కోడక్ ఇంజినీరు స్టీవెన్ సాసనే. ఆ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది.

కోడక్ ఆపేసిన వాటిలో కోడాక్రోమ్ చావు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1935లో పుట్టిన ఆ రంగుల స్లైడ్ ఫిల్మ్‌ను 2009లో ఆపేశారు. ఆఖరి రీళ్లలో ఒకదాన్ని ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకర్రీ చేతిలో పెట్టారు. ఆయన ఆ 36 ఫ్రేముల్లో కొన్నింటిని ముంబయిలో, ఇంకొన్నింటిని రాజస్థాన్‌లో రబారీ తెగవాళ్ల మధ్య తీశారు. దాన్ని కడగడానికి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పార్సన్స్ అనే చిన్న ఊరికి వెళ్లాల్సి వచ్చింది. ప్రపంచంలో కోడాక్రోమ్ కడిగే ల్యాబ్ అదొక్కటే మిగిలింది మరి. 2010 డిసెంబరు 30 తర్వాత ఆ ల్యాబ్ కూడా రీళ్లు తీసుకోవడం మానేసింది. ఇవాళ ఎవరి బీరువాలోనైనా కడగని కోడాక్రోమ్ రీలు దొరికితే, అందులోని రంగుల్ని బయటికి తెచ్చే ల్యాబ్ ఎక్కడా లేదు. బొమ్మ అందులోనే ఉంటుంది. దాన్ని పైకి తెచ్చే మందుల తయారీయే ఆగిపోయింది.

అదే దశాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇల్ఫర్డ్ మేనేజర్లు చందాలేసుకున్నట్టు డబ్బు పోగేసి, 2005లో తమ ఫ్యాక్టరీని తామే కొనుక్కున్నారు. కంపెనీకి 1879లో పునాది వేసిన ఆల్ఫ్రెడ్ హర్మన్ పేరునే దానికి పెట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఊళ్లో పోలరాయిడ్ యంత్రాలను తుక్కుకు అమ్మేసేలోపు కొందరు అడ్డుపడ్డారు. అసలు రసాయనాలు దొరక్కపోయినా, పాత పనివాళ్ల సాయంతో 2010లో కొత్త ఇన్‌స్టంట్ ఫిల్మ్ బయటికి తెచ్చారు. మొదట్లో బొమ్మలు మసకగా వచ్చేవి, రంగులు కుదిరేవి కావు. కానీ గొలుసు తెగలేదు. ఇప్పుడు పోలరాయిడ్ అనే పేరు మీద నడుస్తున్నది ఆ ఫ్యాక్టరీయే.

రిటైరైన ఇంజినీర్ల ఇంటికి

2022 డిసెంబరులో జపాన్ కంపెనీ రికో, తన పెంటాక్స్ పేరు మీద మళ్లీ ఫిల్మ్ కెమెరా చేయాలనుకుంటున్నామని ప్రకటించింది. కెమెరా ఇదిగో అని చూపించలేదు. ప్రయత్నిస్తాం, చేయగలమో లేదో చూస్తాం అన్న ధోరణిలో చెప్పింది. సుమారు రెండు దశాబ్దాలుగా అక్కడెవరూ కొత్త ఫిల్మ్ కెమెరా చేయలేదు. ఇప్పటి ఇంజినీర్లు సెన్సర్లతో, చిప్పులతో పెరిగినవాళ్లు. రీలును బొటనవేలితో తోసే మీట ఉంటుంది చూడండి, ఫొటో తీశాక కిర్రుమని తిప్పుతామే, దాన్ని చేయడమే వాళ్లకు పెద్ద పరీక్ష అయింది. ఒక తోపుతో సరిగ్గా ఒక్క ఫ్రేమే జరగాలి, ఫిల్మ్ చిరగకూడదు, మీట తిరిగి తన చోటికి రావాలి. పాత డ్రాయింగులు తీశారు. రిటైరైన ఇంజినీర్లను పిలిపించి కుర్రవాళ్ల పక్కన కూర్చోబెట్టారు.

అలా 2024 జూన్‌లో వచ్చిందే పెంటాక్స్ 17. ధర 500 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు 42 వేల రూపాయలు. ఇది హాఫ్ ఫ్రేమ్ కెమెరా. మామూలు 35 ఎంఎం ఫ్రేమును సగానికి చీల్చి, 17 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తుతో బొమ్మ పడుతుంది. 36 ఫొటోల రీలులో 72 వస్తాయి. కెమెరాను మామూలుగా పట్టుకుంటేనే బొమ్మ ఫోన్‌లోలా నిలువుగా పడుతుంది. రీలు ధరలు మండుతున్న కాలంలో సగం ఖర్చుకు ఫొటో అన్నది మంచి ఆలోచన. దాని లెన్సుకు మూలం 1994 నాటి పెంటాక్స్ ఎస్పియో మినీ లెన్సు. అదే ఏడాది హాంకాంగ్‌కు చెందిన మింట్ అనే చిన్న సంస్థ, 1966 నాటి రోలీ 35ను ఆటోఫోకస్ జోడించి మళ్లీ తెచ్చింది. అంతకు ముందే, 2022 అక్టోబరులో లైకా తన ఎం6ను తిరిగి తయారు చేయడం మొదలుపెట్టింది. అది డబ్బున్నవాళ్ల వస్తువు, వదిలేద్దాం.

రంగు కుదరడానికి

కెమెరా కష్టం ఒక ఎత్తయితే ఫిల్మ్ కష్టం ఇంకో ఎత్తు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ చేసేవాళ్లు కొందరు మిగిలారు. రంగుల ఫిల్మ్ మొదటి నుంచీ చివరిదాకా సొంతంగా చేయగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. జపాన్‌లోని ఫ్యూజీ కూడా అమెరికాలో అమ్మే తన 200 స్పీడు ఫిల్మ్‌ను కోడక్ దగ్గరే చేయించుకునే స్థితికి వచ్చింది. ఆ కంపెనీకి ఇప్పుడు చల్లగా నడుస్తున్నది ఇన్‌స్టాక్స్. ఫొటో తీయగానే చేతికి కార్డు వచ్చే ఆ కెమెరాలు మన కాలేజీల్లో, పెళ్లిళ్లలో కూడా కనిపిస్తున్నాయి.

అలాంటి వేళ, 2023 డిసెంబరు 1న హర్మన్ ఫీనిక్స్ 200 అనే రంగుల ఫిల్మ్ తెచ్చింది. ఇంగ్లండ్‌లోని మోబర్లీ ఫ్యాక్టరీలో ఆసాంతం తయారైన మొదటి రంగుల ఫిల్మ్ అది. అప్పటిదాకా వాళ్లది నలుపు తెలుపుల లోకం. ఫీనిక్స్ చూసినవాళ్లు పెదవి విరిచిన మాట వాస్తవం. గింజ (గ్రెయిన్) ముతకగా ఉంది, వెలుగునీడల తేడా మరీ ఎక్కువ. రంగుల నెగెటివ్‌కు ఉండే నారింజ ఛాయ కూడా లేదు. కంపెనీ దాన్ని దాచలేదు. ఇది మొదటి అడుగు, మీరు కొంటే ఆ డబ్బుతో తర్వాతిది చేస్తాం అంది. 2025 జులైలో ఫీనిక్స్ 2 వచ్చింది. గింజ సన్నబడింది, రంగులు నెమ్మదించాయి. తయారవుతున్న వస్తువును తయారవుతుండగానే జనం ముందు పెట్టి, నేర్చుకుంటున్నామని చెప్పిన ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

చైనాలో హెబెయ్ రాష్ట్రం బావోడింగ్‌లో 1958లో పుట్టిన లక్కీ కంపెనీ కూడా ఎన్నో ఏళ్ల కిందట వదిలేసిన రంగుల ఫిల్మ్‌ను 2025లో సీ200 పేరుతో మళ్లీ మొదలుపెట్టింది. కోడక్‌కు పోటీ అంటూ ఒకటి రావడం ధరల కోణంలో శుభవార్తే.

కోడక్ సంగతికొస్తే, 2013లో దివాలా నుంచి బయటపడ్డప్పుడు ఒక చిత్రమైన పంపకం జరిగింది. ఫిల్మ్ చేసేది రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ కోడక్, దుకాణాలకు అమ్మేది బ్రిటన్ పెన్షన్ నిధి చేతిలోని కోడక్ అలారిస్. 2024లో అలారిస్‌ను ఒక పెట్టుబడి సంస్థ కొనేసింది. 2025 ఆగస్టులో ఈస్ట్‌మన్ కోడక్ తన అప్పుల గడువుల దృష్ట్యా కంపెనీ కొనసాగింపుపై సందేహం ఉందని లెక్కల్లో రాసింది. కోడక్ మూతపడుతోందని ప్రపంచమంతా వార్తలు గుప్పుమన్నాయి. మూసేదేమీ లేదు, అమెరికాలోని తన పెన్షన్ నిధిలో మిగులును తీసి అప్పు తీరుస్తామని కంపెనీ వెంటనే చెప్పుకుంది. అక్టోబరుకల్లా కోడాకలర్ 100, 200 అనే రెండు ఫిల్మ్‌లను అలారిస్‌తో పనిలేకుండా తానే డీలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. పదేళ్లకు పైగా తర్వాత ఆ పని చేయడం ఇదే మొదలు.

వెనుక నుంచి మోస్తున్నది సినిమా

ఇన్ని కష్టాల్లో 38వ నంబరు భవనం ఎలా నిలబడిందంటే, సినిమా వల్ల. స్టిల్ కెమెరా రీళ్లు అమ్ముకుని అంత పెద్ద ఫ్యాక్టరీని నడపడం కుదరదు. 2006లో కోడక్ 1,240 కోట్ల అడుగుల సినిమా ఫిల్మ్ అమ్మింది. 2014కు అది 45 కోట్ల అడుగులకు పడిపోయింది. ఇంత పతనం ఎలా అనిపిస్తే మన థియేటర్ల లెక్క చూడండి. రెండున్నర గంటల సినిమాకు నిమిషానికి 90 అడుగుల చొప్పున 13,500 అడుగుల ప్రింటు కావాలి. వంద థియేటర్లలో వేస్తే 13 లక్షల 50 వేల అడుగులు. క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ ప్రదర్శన పద్ధతులు వచ్చి రీళ్ల పెట్టెలు కనుమరుగైన రోజున ఆ గిరాకీ అంతా ఒక్కసారిగా ఆవిరైంది. మన పోస్టర్ల మీద ఒకప్పుడు ఘనంగా వేసుకున్న ఈస్ట్‌మన్ కలర్ ఈ రోచెస్టర్ సరుకే.

అప్పుడు క్రిస్టఫర్ నోలన్, క్వెంటిన్ టరంటీనో లాంటి దర్శకులు గట్టిగా పట్టుబట్టారు. హాలీవుడ్ స్టూడియోలు ఏటా ఇంత ఫిల్మ్ కొంటామని 2015లో కోడక్‌తో ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందం లేకపోతే ఇవాళ మన స్టిల్ కెమెరాలకు పోర్ట్రా లాంటి కోడక్ రీలు వచ్చేది కాదు. నోలన్ 2023లో తీసిన ఓపెన్‌హైమర్ కోసం ఐమాక్స్ కెమెరాకు సరిపోయే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ను కోడక్ ప్రత్యేకంగా చేసి ఇచ్చింది. అంతకు ముందు అలాంటిది లేనే లేదు. ఆ సినిమా ఐమాక్స్ ప్రింటు పొడవు 11 మైళ్లు. 2025లో వచ్చిన సిన్నర్స్ కూడా పెద్ద ఫిల్మ్ మీద తీసిందే. ది ఒడిస్సీనైతే నోలన్ ఆసాంతం ఐమాక్స్ ఫిల్మ్ కెమెరాలతోనే తీశారు.

సినిమా ఫిల్మ్‌తో మన దేశపు కుర్రవాళ్లకు ఇంకో చుట్టరికం ఉంది. కోడక్ విజన్3 అనే సినిమా ఫిల్మ్ 400 అడుగుల డబ్బాల్లో వస్తుంది. దాన్ని కొని, చీకట్లో కోసి, 36 ఫొటోల చిన్న డబ్బాల్లోకి చుట్టుకుంటే 70 దాకా రీళ్లు వస్తాయి. ఇలా చుట్టి అమ్మేవాళ్ల వల్లే ఇక్కడ చాలామందికి ఫిల్మ్ అందుబాటులో ఉంది. ఒక చిక్కు మాత్రం ఉండేది. ఆ ఫిల్మ్ వీపున మసిలాంటి నల్లటి పూత ఉంటుంది. మామూలు కలర్ ల్యాబ్ యంత్రంలో వేస్తే ఆ మసి ఊడి, ట్యాంకులోని మందునూ తర్వాత వచ్చే రీళ్లనూ పాడు చేస్తుంది. అందుకే ల్యాబ్‌ల వాళ్లు వద్దని పంపేసేవారు. 2025లో కోడక్ ఆ మసి పూతను తీసేసి, దాని బదులు ఫిల్మ్ లోపలే కడుగుడులో కరిగిపోయే పొర పెట్టడం మొదలుపెట్టింది. హాలీవుడ్ ల్యాబ్‌ల సౌకర్యం కోసం చేసిన ఈ మార్పు, చుట్టుకుని వాడుకునే మనవాళ్లకు కూడా మేలు చేస్తుంది.

వెండి ధర, నీళ్ల వేడి

ఫిల్మ్ గుండె వెండి. వెండి లవణాల సన్నటి గింజల్ని జిలెటిన్‌లో కలిపి పూస్తారు. వెలుతురు తగిలిన గింజలో కొన్ని వెండి పరమాణువులు మాత్రమే విడివడతాయి. కంటికి కనిపించదు. డెవలపర్‌లో ముంచితే ఆ గింజ మొత్తం వెండిగా మారుతుంది, అదే నలుపు. 1980లో హంట్ సోదరులు వెండిని పోగేసి ధర పెంచినప్పుడు ఫిల్మ్ కంపెనీలు విలవిల్లాడాయి. 2025 అక్టోబరులో ఔన్సు వెండి 50 డాలర్లు దాటి ఆ నాటి రికార్డును చెరిపేసింది. ఆ ఏడాది చివర్లో మన దగ్గర కిలో 2 లక్షల రూపాయలు దాటింది. వెండి పట్టీలు కొనే తల్లికి, ఫిల్మ్ కొనే కూతురికి ఒకే వార్త భారమైన ఏడాది అది. రీలు, కడగడం, స్కానింగ్ కలిపితే ఒక్క నొక్కుకు 40 రూపాయల దాకా పడుతోంది.

అందుకే ఇంట్లో కడుక్కునేవాళ్లు పెరుగుతున్నారు. రంగుల ఫిల్మ్ కడిగే సీ-41 పద్ధతికి మందు 38 డిగ్రీల వేడిలో ఉండాలి, డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు. బ్లాక్ అండ్ వైట్‌కు మామూలుగా 20 డిగ్రీలు. చలి దేశాల్లో రంగుకు నీళ్లు కాచాలి. మే నెలలో విజయవాడ మేడ మీది ట్యాంకు నీళ్లకు ఆ పని తక్కువ. కష్టమల్లా బ్లాక్ అండ్ వైట్‌కే, ఐసు పెట్టి చల్లబరచాలి. ప్రయాణాల్లో ఇంకో జాగ్రత్త. విమానాశ్రయాల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లలోంచి వెళ్తే కడగని ఫిల్మ్ మసకబారుతుంది. రీళ్లు విడిగా సంచిలో పెట్టి, చేత్తో చూడమని భద్రతా సిబ్బందిని అడగాలి.

ఊటీలో తెగిన గొలుసు

ఇంత వెతుకులాట, బయటి నుంచి తెప్పించుకునే ఇంత ఖర్చు మనకు తప్పేదేమో. 1960లో కేంద్ర ప్రభుత్వం నీలగిరుల్లో, ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌ను నెలకొల్పింది. ఫ్రాన్స్ కంపెనీ సాంకేతిక సాయంతో 1967లో ఉత్పత్తి మొదలైంది. ఇందు అన్న పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్, ప్రింటు కాగితం, ఎక్స్‌రే ఫిల్మ్ దేశమంతా వెళ్లేవి. ఆ రోజుల్లో ప్రపంచంలో ఫిల్మ్ చేయగలిగిన దేశాలు కొన్నే. వాటిలో మనమూ ఉన్నాం.

1990లలో కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. దిగుమతులు చౌకయ్యాయి, ఎక్స్‌రే ప్లాంటు కోసం చేసిన అప్పు పెరిగింది, తర్వాత డిజిటల్ వచ్చి పడింది. చివరికి మూసేశారు. నష్టాల ఫ్యాక్టరీని ప్రభుత్వం ఎంతకాలం మోస్తుందన్న వాదన నాకు తెలుసు. కానీ అదే కాలంలో దివాలా తీసిన ఇల్ఫర్డ్‌లో మేనేజర్లే ఫ్యాక్టరీ కొనుక్కుని నిలబెట్టుకున్నారు. ఊటీలో పూత వేయడం నేర్చిన వాళ్లకు అలాంటి దారి ఎవరూ చూపలేదు. ఇరవై ఏళ్ల తర్వాత గిరాకీ తిరిగొచ్చింది, వాళ్లు లేరు. ఇవాళ దేశంలో ఫొటో ఫిల్మ్ చేసే ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

గాజు పలకల నుంచి మన స్టూడియోల దాకా

తయారీ పోయినా, తీసినవి ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నూటముప్పై ఏళ్ల నాటి హైదరాబాద్‌ను ఇవాళ పెద్ద గోడ సైజులో ప్రింటు వేసుకున్నా గడ్డం వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. సినిమా సంగతి తలకిందులు. మన మూకీ సినిమాల్లో చాలావాటి నెగెటివ్‌లు లేవు. దేశంలో ఎన్నో పాత ఫిల్మ్‌లను వాటిలోని వెండి కోసం కరిగించేశారు. మాయాబజార్ నెగెటివ్ దొరికింది కాబట్టే 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేయగలిగారు.

ఇప్పుడు వెండి మళ్లీ పిరమైంది. ఆసుపత్రుల పాత ఎక్స్‌రేలను వెండి తీసేవాళ్లు కొనడం ఎప్పటి నుంచో ఉన్నదే. తెనాలిలో, జగిత్యాలలో, ఏ ఊళ్లోనైనా నలభై ఏళ్లు నడిచిన స్టూడియో అటక మీద పెళ్లిళ్లు, ఎస్సెస్సీ బ్యాచులు, వరదలు, పోలింగు బూతులు, ఊరి చెరువు అన్నీ నెగెటివ్‌ల రూపంలో ఉంటాయి. ఆ ఊరి చరిత్ర ఇంకెక్కడా అంత వివరంగా దొరకదు. వాటిని తుక్కుకు వేయకముందే ఊరి గ్రంథాలయమో, కాలేజీ చరిత్ర విభాగమో అడిగి తీసుకోవాలి. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) ఫొటోగ్రఫీ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది? తేమ లేని చోట కాగితం కవర్లలో, నిలువుగా, ఎండ తగలకుండా పెడితే అవి మన మనవళ్ల కాలం దాటి ఉంటాయి. ప్లాస్టిక్ కవర్లలో కుక్కితే తేమ పట్టి అతుక్కుపోతాయి.

ఆ స్టూడియో నడిపిన పెద్దాయన ఇంకా ఉంటే ముందు ఆయన దగ్గరికి వెళ్లాలి. మందు పాళ్లు ఎలా కలిపేవారు, నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ ఎలా చేసేవారు, పెళ్లికూతురి ముఖానికి ప్రింటు వేసేటప్పుడు వెలుతురును చేత్తో ఎంతసేపు ఆపేవారు, ఇవి అడిగి వీడియో తీసుకోవాలి. పెంటాక్స్ కంపెనీ మీట చేయడానికి తన పాత ఇంజినీర్లను వెతుక్కుంటూ వెళ్లింది. మన ఊళ్లలో వాళ్లు రెండు వీధుల అవతలే ఉన్నారు. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటింది.